పక్క స్థలంలో కోటీశ్వరులు దిగారు, మా ఇంట్లో శాంతి లేదు

అల్లూరోడు:
అందరికీ నమస్కారం. అల్లూరు నుంచి ఇసకపల్లి సముద్రం వైపు పోయే దారిలో మాదొక చిన్న ఊరు. పేరు చెప్పను. చెప్తే మా నాయన నన్ను గడప తొక్కనివ్వడు.

మా ఇంటికి పడమర పక్కన జిల్లేడు, సర్కారు తుమ్మ మొలిచిన ఖాళీ జాగా ఉండేది. బెంగళూరులో కంపెనీ అమ్మేసి వచ్చిన దంపతులు దాన్ని కొని ఇల్లు కట్టారు. మా వీధిలో దాన్ని 'ఎయిర్‌పోర్ట్' అంటున్నారు. రాత్రి లైట్లు వేస్తే మా కోళ్ళు తెల్లారిందనుకుని గంపలో గోల మొదలుపెడుతున్నాయి. వాళ్ళు ఏసీలన్నీ ఒకేసారి వేస్తే మా ఫ్యాను రెక్కలు లెక్కబెట్టుకోవచ్చు.

అసలు గొడవ గేటుది. ఆ జాగాలోంచే మా ఆవు గౌరి రోజూ కాలవకి పోయి నీళ్ళు తాగి వచ్చేది. ఇప్పుడక్కడ ఆటోమేటిక్ గేటు పెట్టారు. దాని ముందు ఏది నిలబడినా తెరుచుకుంటుంది. గౌరికి ఇది మొదటి రోజే అర్థమైంది. గేటు ముందు నిలబడుతుంది, తెరుచుకోగానే దర్జాగా లోపలికి పోయి మెక్సికన్ గ్రాస్ మేసి, వాళ్ళ తామర తొట్టిలో నీళ్ళు తాగి, బయటికొచ్చేటప్పుడు మళ్ళీ గేటు ముందు నిలబడుతుంది. వాళ్ళ మేనేజరు గొడుగు పట్టుకుని వెంటపడితే ఆగి, తల తిప్పి, ఒకసారి చూసి, మళ్ళీ మేతలో పడింది.

మేనేజరు మా ఇంటికొచ్చి "బందెలదొడ్డిలో పెట్టిస్తా" అన్నాడు. మా నాయన మంచం మీదనుంచి లేవకుండానే, "పెట్టించు నాయనా. బందెలదొడ్డి యాడుండాదో నువ్వే ఎతికి పెట్టించు" అన్నాడు. అది ఉండిన చోట ఇప్పుడు సచివాలయం కట్టారు.

ఇట్టాంటి పక్కిళ్ళు ఇంకెవరికన్నా ఉన్నాయా?

కారందోశ:
ఉన్నాయా అని మెల్లగా అడుగుతావేంది అబ్బయ్యా! హైవేకి రెండు పక్కలా ఇప్పుడు ప్రతి ఊళ్ళో ఒకటుంది. రొయ్యల డబ్బుదొకటి, అమెరికా డబ్బుదొకటి. ముందు మీ వాళ్ళ ఇల్లు ఎన్ని అంతస్తులో చెప్పు, లిఫ్ట్ ఉందా?

అల్లూరోడు:
రెండంతస్తులు, లిఫ్ట్ ఉంది. మనుషులు ఇద్దరే. మా అమ్మ లెక్క ప్రకారం ఇంట్లో మనుషులకంటే బాత్రూములు ఎక్కువుంటే అది కొంప కాదు, సత్రం.

కోడలుపిల్ల_కావలి:
మీ అమ్మ గారి మాట నాకు నచ్చింది. మా పక్కనా అంతే. వాళ్ళేం చేసినా నాకు ఇబ్బంది లేదు, మా అత్త మారిపోవడమే ఇబ్బంది. మొన్నటిదాకా పొద్దున్నే పులిబొంగరాలు పోసి "తినిపోండ్రా" అని అరిచేది. ఇప్పుడు "బ్రేక్‌ఫాస్ట్ అయ్యిందా?" అంటోంది, అదీ గోడవతలకి వినపడేట్టు. పోసినవి మాత్రం పులిబొంగరాలే.

చీమకుర్తి_రాయి:
మా కథ వినండి. చీమకుర్తి గ్రానైట్, ఆ నల్లటి గెలాక్సీ రాయి, నల్లని ఆకాశంలో చుక్కలు పెట్టినట్టుంటుందని ప్రపంచమంతా కొంటుంది. మా పక్కింటాయనకి క్వారీలో వాటా ఉంది. ఇంటికి వేశాడు, వాకిలికి వేశాడు, మిగిలిన పలకల్ని గొడ్లసావిట్లో పరిచేశాడు. పాలిష్ పట్టిన రాయి మీద గిట్ట నిలబడుతుందా? ఫొటోల కోసం కొన్న ఒంగోలు గిత్తల జత మొదటి రోజే నాలుగు కాళ్ళు నాలుగు దిక్కులకు జారి కూర్చున్నాయి. బండలాగుడు పందేల్లో గెలిచిన గిత్తలు! మా తాత పోయి రెండు గంపల ఇసక, వరిగడ్డి చల్లి వాటిని లేపాడు. ఆ సావిట్లో ఇప్పుడు ఆయన కారు ఉంటోంది. గిత్తలు మా పాకలో ఉంటున్నాయి. మేత ఖర్చు ఆయనది, పేడ మాది. ఇట్టా చూస్తే మాకు లాభమే.

రిటైర్డ్_సర్వేయర్:
అందరూ నవ్వుకుంటున్నారు గానీ అసలు విషయం ఎవరికీ పట్టలేదు. అల్లూరోడు గారూ, ఆ జాగాలోంచి మీ గొడ్లు ఎంత కాలంగా నడుస్తున్నాయి? 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఇరవై ఏళ్ళు అడ్డూ ఆపూ లేకుండా, బహిరంగంగా, హక్కుగా వాడుకున్న దారి మీద మీకు హక్కు వస్తుంది. అడిగి పర్మిషన్ తీసుకుని నడిచి ఉంటే మాత్రం రాదు. ఒకసారి ఎఫ్‌ఎంబీ, అంటే సర్వే వాళ్ళ దగ్గరుండే పొలం కొలతల పటం, తీయించండి, అందులో గొడ్లు, బండ్లు నడిచే పుంత దారి గీసి ఉందేమో చూడండి. హద్దు మీద అనుమానం ఉంటే ఎఫ్ లైన్ కొలతకి, అంటే సర్వేయరొచ్చి హద్దు కొలిచి చూపించడానికి, అర్జీ పెట్టుకోండి. గోడ కట్టాక కాదు, కట్టకముందు చేయాల్సిన పని ఇది.

ఇంకోటి. కొన్నవాళ్ళు అంకణం ఎంత అనుకుని కొన్నారు? నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు. తిరుపతి వైపు 36. ఈ తేడాతో కొట్టుకున్న వియ్యంకుల్ని నేను చూశాను.

అల్లూరోడు:
సర్వేయర్ గారూ, మీ పోస్టు నాయనకి చదివి వినిపించి చాలా పొరపాటు పని చేశాను అనుకోవాలి. అప్పటినుంచి గౌరిని ఆయనే స్వయంగా గేటు దాకా తోలుకుపోయి, "పో, హక్కుగా పో" అంటున్నాడు.

కారందోశ:
హహహ. గౌరి పేరు మీద వకాల్తా వేయించండి.

అల్లూరోడు:
ఇంకో కథ ఉంది, కెమెరాలది. వాళ్ళ గోడ మీద ఉన్న ఒక కెమెరాకి మా పెరడు మొత్తం కనపడుతుంది. నాయన పుట్టిన్నాటినుంచి పెరట్లో చొక్కా వేసుకున్న మనిషి కాదు. ఇప్పుడు పొద్దున వేపపుల్ల నములుకుంటూ పోయేటప్పుడు చొక్కా, పాలు పితికేటప్పుడు చొక్కా. కెమెరాకి కనపడని ఒకే ఒక్క చోటు కుడితి తొట్టి వెనక. అక్కడికి పోయి చొక్కా విప్పి, గాలి పోసుకుని, మళ్ళీ తొడుక్కుని వస్తున్నాడు.

అమ్మకి మాత్రం ఆ కెమెరా దేవుడిచ్చిన వరం. మా నాయనకి షుగర్. నెల రోజుల కిందట రీడింగ్ పెరిగింది. "నేను గింజంత తీపి ముట్టలేదు" అని ఒట్టు పెట్టాడు. అదే వారంలో మా ఇంట్లో కొబ్బరికాయలు పోయాయి. అమ్మ నేరుగా పక్కింటికి పోయి, "అమ్మాయ్, మీ టీవీలో మా పెరడు ఒకసారి ఎయ్యి" అంది. ఆవిడ వేసింది. కాయలు తీసుకుపోతోంది మా నాయనే. అవిచ్చి మా చిన్నాన్న కొడుకు చేత బుచ్చిరెడ్డిపాలెం మలై కాజా తెప్పించుకుని, వేపచెట్టు కింద అటు తిరిగి, కెమెరాకి ముఖం పెట్టి తింటున్నాడు. ఆవిడ ఇంటి హాల్లో గోడంత టీవీ. అంత టీవీలో మా నాయన కాజా పాకం వేలి నుంచి మోచేతి దాకా కారితే దాన్ని కింద పడనివ్వకుండా ఎట్టా అందుకున్నాడో అమ్మ, ఆవిడ, ఇద్దరు పనివాళ్ళు, మేనేజరు కూర్చుని చూశారు. అమ్మ "ఆడ ఆపు, ఎనక్కి తిప్పు" అని మళ్ళీ వేయించుకుందంట.

కోడలుపిల్ల_కావలి:
అయ్యో పాపం పెదనాన్న. ఆ వీడియో ఉందా?

అల్లూరోడు:
అమ్మ ఫోన్‌లో ఉంది. అవసరమైనప్పుడు చూపిస్తుంది.

బ్యారన్_బాబు:
మాది కొండపి పక్కన. పొగాకు సంగతి తెలియని వాళ్ళ కోసం ముందొక మాట. వర్జీనియా ఆకుని కర్రలకి అల్లి, బ్యారన్‌లో వేలాడదీసి, పొయ్యిలో మంట పెట్టి గొట్టాల వేడితో వారం రోజులు కాస్త అటూ ఇటుగా ఆరబెడతారు. కిటికీల్లేని పొడుగాటి గది అది. లోపల వేడి ఎప్పుడెంత ఉండాలో లెక్క ఉంటుంది. కాస్త పెరిగినా ఆకు మాడుతుంది, తగ్గితే రంగు రాదు, ఇక టంగుటూరు వేలంలో ఎవడూ చెయ్యి పెట్టడు. అందుకని రాత్రిళ్ళు నిద్ర కాచి థర్మామీటరు చూడాలి. మా తాత జీవితమంతా ఆ పనే చేశాడు.

మా పొలం పక్కన హైదరాబాద్ వాళ్ళు దిగారు. మా పాత బ్యారన్ లీజుకి అడిగి, సున్నం వేసి, ఏసీ బిగించి, 'హెరిటేజ్ స్టే' అని బోర్డు పెట్టారు. మొదటి గెస్టులు కొత్త జంట. తాతకి అది అద్దెకిచ్చామని చెప్పాం, విన్నాడు, తలూపాడు. రాత్రి ఒంటిగంటకి మెలకువొచ్చింది. అలవాటు పోతుందా? టార్చిలైటు పట్టుకుని పోయి, తలుపు తోసి, లైటు లోపలికి కొట్టి, "వేడి సరిపోయిందా?" అని అరిచాడు.

వాళ్ళు తెల్లవారకముందే బెజవాడ దాటారని విన్నాం.

కారందోశ:
సోడా తాగుతూ చదివా, ఫోన్ మీద పడింది.

చీమకుర్తి_రాయి:
తాతకి ఉద్యోగం ఇవ్వాలి వాళ్ళు.

బ్యారన్_బాబు:
ఇచ్చారు. సాయంత్రాలు గెస్టులకి పొగాకు కథలు చెప్తాడు. రాత్రి ఎనిమిదికి మా పిన్ని వచ్చి టార్చి లాక్కుని పోతుంది.

కందుకూరు_కొత్తింటోడు:
థ్రెడ్ అంతా చదివాను. నేను అవతలి గోడ మనిషిని. కందుకూరు పక్క పల్లెలో ఇల్లు కట్టుకున్న 'కోటీశ్వరుణ్ణి'. స్థలం కొన్నప్పుడు అది ప్రకాశం జిల్లా. 2022 ఏప్రిల్‌లో కందుకూరు నెల్లూరు జిల్లాలో కలిసింది. ఉన్నచోటనుంచి కదలకుండా జిల్లా మారి గృహప్రవేశం చేసిన మనిషిని. మా తరఫున కూడా నాలుగు మాటలు వినండి.

పల్లెలో ప్రశాంతత అంటారు. పొద్దున ఐదున్నరకి పక్కింటి పెద్దమ్మ మా బెడ్‌రూమ్ కిటికీ దగ్గర నిలబడి, "ఏం అబ్బయ్యా, ఇంకా లేవలా? ఒంట్లో బాగలేదా?" అంటుంది. లేచి తలుపు తీస్తే పని ఏమీ ఉండదు, లేచానో లేదో చూద్దామని వచ్చిందంతే. ఇంటికి వచ్చిన ప్రతి మనిషీ ప్రతి వస్తువుకీ "ఎంత పడింది?" అని అడుగుతాడు. టైల్స్ ఎంత, కుళాయి ఎంత, కుక్క ఎంత. కుక్క ధర నేను సగానికి తగ్గించి చెప్పాను. అయినా ఊళ్ళో, "ఆయన డబ్బులు పెట్టి కుక్కని కొన్నాడంట, మనవాళ్ళని అడిగుంటే నాలుగు తోలి ఉంటిమి" అని ప్రచారం. మా ఆవిడకి జ్వరమొస్తే నేను ఎవరికీ చెప్పలేదు. అరగంటలో మూడిళ్ళనుంచి మిరియాల చారు వచ్చింది. ఎట్టా తెలిసిందని అడిగితే, చెత్తబుట్టలో మాత్రల అట్ట చూశారంట!

చందాలు సరేసరి. రామాలయం, చర్చి, పీర్ల చావిడి, వాలీబాల్ నెట్టు. నాలుగింటికీ వచ్చింది ఒకే కుర్రాడు.

కోడలుపిల్ల_కావలి:
అన్నా, కుక్కని నిజంగా ఎంతకి కొన్నారు?

కందుకూరు_కొత్తింటోడు:
చూశారా.

అల్లూరోడు:
కొత్తింటన్నా, మీ బాధ న్యాయమైందే. మా అమ్మ చేసిన పని వింటే మీరు మా పక్కింటివాళ్ళకి సంఘీభావ సభ పెడతారు.

మా పెరట్లో రోలు ఒకటి పడి ఉండేది. మిక్సీ వచ్చాక దాన్ని పట్టించుకున్న వాళ్ళు లేరు, కోళ్ళు నీళ్ళు తాగేవి. పక్కింటావిడ ఒకరోజు చూసి, "ఆంటీ, ఇది ఎంత అందంగా ఉందో! నాకిస్తారా?" అంది. ఆంటీ అన్నందుకు అమ్మకి అప్పటికే కారం. వీళ్ళిద్దరి మధ్య తేడా పదేళ్ళో పన్నెండేళ్ళో ఉంటుంది. అయినా "తీసుకో అమ్మాయ్, దాందేముండాది" అని ఉత్త పుణ్యానికి ఇచ్చేసింది. నలుగురు మనుషులు మోకులు కట్టి మోసుకుపోయారు.

తర్వాత టీకి పిలిస్తే వెళ్ళాం. హాలు నడిమధ్యలో మా రోలు. దాని మీద పైనుంచి ప్రత్యేకంగా ఒక లైటు పడుతోంది. లోపల నీళ్ళు, నీళ్ళలో గులాబీ రేకులు, రేకుల మధ్య దీపం. అమ్మ వంగి చూసి, "నీళ్ళు నిలవబెడితే దోమలు ముసురుతాయి" అని ఊరుకుంది. నేను అక్కడితో అయిపోయిందనుకున్నా.

గోంగూర వచ్చింది. ఎర్ర గోంగూర, మా చేలోది. మిక్సీలో వేస్తే పేస్టయిపోతుందని అమ్మకి ఎప్పుడూ అసంతృప్తే. ఆ రోజు వేయించిన ఎండుమిరపకాయలు, ఉడికించిన గోంగూర, వెల్లుల్లి, ఉప్పు పళ్ళెంలో పెట్టుకుని, పచ్చడిబండ చంకన పెట్టుకుని, నేరుగా పక్కింట్లోకి పోయింది. గేటు ఎటూ దానంతటదే తెరుచుకుంటుంది కదా. హాల్లో వాళ్ళ బెంగళూరు చుట్టాలు సోఫాల్లో కూర్చుని ఉన్నారు. అమ్మ ఎవర్నీ పలకరించలేదు. దీపం తీసి టీపాయ్ మీద పెట్టింది. రోలు లోంచి నీళ్ళు దోసిళ్ళతో తోడి పక్కనున్న పూల కుండీలో పోసింది. కొంగుతో తుడిచింది. చీర కుచ్చిళ్ళు దోపుకుని రోలుకి అటూ ఇటూ కాళ్ళు చాపి కూర్చుని, మొదట మిరపకాయలు ఉప్పేసి నూరింది. ఆ ఘాటుకి సోఫాలో అందరూ ఒకరి తర్వాత ఒకరు తుమ్మడం మొదలుపెట్టారు. ఏసీ గది, కిటికీలు తెరవరు. ఘాటు యాడికి పోద్ది?

పాలరాతి నేల మీద పచ్చడి చింది చిన్న మరక పడింది. పక్కింటావిడ గుడ్డ తెచ్చి తుడుస్తోంది, పోవడం లేదు. అమ్మ నూరడం ఆపకుండా, "ఎండ తగిలితే పోద్దిలే అమ్మాయ్. మీరు ఎండ యాడ రానిస్తారు, అన్నీ తెరలే" అంది. చుట్టాల్లో ఒక పిల్ల ఇదంతా వీడియో తీసింది.

తర్వాత వేడన్నం వచ్చింది, నెయ్యి వచ్చింది. సోఫాల్లో వాళ్ళంతా కింద కూర్చున్నారు. అమ్మ ఇంటికి తెచ్చింది చిన్న గిన్నెడు. మిగతా అంతా అక్కడే అయిపోయింది.

కందుకూరు_కొత్తింటోడు:
సంఘీభావం పక్కనపెట్టండి. మా ఇంట్లో కూడా ఒక రోలు ఉంది, అమ్మని పంపగలరా?

పెన్నగట్టు:
పచ్చడి సరే, పులుసు పెట్టారా లేదా? నెల్లూరోళ్ళ ఇంటి పక్కన దిగి చేపల పులుసు తినకుండా ఉన్నారంటే నమ్మను.

అల్లూరోడు:
పెట్టాం. బొమ్మిడాయిల పులుసు, మామిడికాయ ముక్కలేసి. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పిలిచి, అమ్మ శనివారం రాత్రే మట్టి దాకలో కాచి ఉట్టి కింద పెట్టింది. పక్కింటాయన వచ్చి మర్యాదకి, "ఏం పర్లేదు, మాకు ఫ్రెష్‌గా ఉంటే చాలు" అన్నాడు. అమ్మ ముఖం మాడిపోయింది. రాత్రంతా ముక్కకి పులుసు పట్టాలని ఈమె తాపత్రయం, ఆయనకేమో నిన్నటిది అనగానే అనుమానం. నాయన మధ్యలో దూరి, "సార్, ఇది ఎంత పాతదైతే అంత ఫ్రెష్" అన్నాడు. ఆ మనిషి ఇంజినీరు, దాని గురించి చాలాసేపు ఆలోచించాడు. మూడోసారి వడ్డించుకునేటప్పటికి ఆలోచించడం మానేశాడు.

చీమకుర్తి_రాయి:
పులుసుకి మామిడికాయ దేనికి? చింతపండు ఉంది కదా. ఒంగోల్లో ఇట్టాంటి వేషాలు లేవు.

పెన్నగట్టు:
ఒంగోలు వాళ్ళు పులుసు గురించి మాట్లాడకూడదని రూలుంది. మీకు గిత్తలున్నాయి, వాటితో సంతృప్తి పడండి.

చీమకుర్తి_రాయి:
ఆ గిత్తలకి కూడా బ్రెజిల్‌లో 'నెలోర్' అని మీ నెల్లూరు పేరే తగిలించారుగా!

నిర్వాహకుడు:
పులుసు గొడవకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ ఇప్పటికే తాళం వేశాం. దీనికీ వేయించకండి.

అల్లూరోడు:
బ్రెజిల్ మాట వచ్చింది కాబట్టి చెప్తా. పక్కింటాయన ఒకరోజు గోడ మీదనుంచి నాయనకి ఫోన్‌లో ఒక ఆవుని చూపించాడు. పేరు వయాటినా-19. తెల్లగా, కొండంత మూపురంతో ఉంది. 2023 వేలంలో దాంట్లో మూడో వంతు వాటాకి పలికిన రేటు చూస్తే, మొత్తం ఆవు ధర మన లెక్కలో దాదాపు ముప్పై అయిదు, నలభై కోట్లంట. జాతి పేరు నెలోర్. నాయన ఆ ఫోన్ చాలాసేపు తిరిగివ్వలేదు.

ఆ రోజునుంచి గౌరి హోదా మారింది. మెడలో కొత్త గంట, కొమ్ములకి రంగు. మెక్సికన్ గ్రాస్ మేయనివ్వడం లేదు, "పరాయి దేశం గడ్డి, దీని ఒంటికి పడదు" అంటాడు. చట్టం, ఈజ్‌మెంటు, దారి హక్కు అన్నీ వదిలేసి, కాలవకి చుట్టూ తిప్పి తోలుకుపోతున్నాడు. పాల కేంద్రం అబ్బాయి వస్తే, "దీని చుట్టాలు బ్రెజిల్‌లో కోట్లు పలుకుతా ఉండారు, నువ్వు లీటరుకి ఎంత ఇస్తా ఉండావ్?" అని నిలదీశాడు.

చీమకుర్తి_రాయి:
జోకులు పక్కనపెడితే అది మన ఒంగోలు జాతే. ఓడల్లో ఈ తీరంనుంచి పోయింది, అక్కడ నెలోర్ అయింది. ఇప్పుడు బ్రెజిల్ మాంసం పశువుల్లో ఎక్కువ భాగం ఆ రక్తమే. ఇక్కడ మనకేమో దున్నడానికి ట్రాక్టర్లొచ్చాక జత గిత్తల్ని సాకేవాళ్ళే తగ్గిపోయారు. జాతిని నిలబెట్టడానికి చదలవాడలో సర్కారు క్షేత్రం ఉంది, కరవది లాంటి ఊళ్ళలో రైతులు పట్టుదలగా పెంచుతున్నారు. మీ గౌరికి మూపురం ఎంతుంది? కొమ్ములు పొట్టివా? గంగడోలు బాగా వేలాడుతుందా?

అల్లూరోడు:
గౌరి జెర్సీ క్రాస్ అండీ. మూపురమే లేదు. ఆ మాట నాయనకి చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

కారందోశ:
చెప్పొద్దు. చెప్తే మళ్ళీ గేటు దగ్గరికి తోలతాడు.

రిటైర్డ్_సర్వేయర్:
హక్కు ఉన్న దారిని ఇట్టా వదులుకుంటే రేపు అడగడానికి ఉండదు. నేను చెప్పేది చెప్పాను.

కోడలుపిల్ల_కావలి:
సరే, ఇంతకీ మీ అమ్మకి, ఆవిడకి కుదిరిందా లేదా?

అల్లూరోడు:
నీళ్ళు కుదిర్చాయి. వాళ్ళు వచ్చిన కొత్తలో స్విమ్మింగ్ పూల్ కోసం పెద్ద రిగ్గు తెప్పించారు. నాయన గోడ దగ్గర నిలబడి చెప్పాడు, "సార్, లోతుకి పోబాకండి, ఈడ ఉప్పు" అని. సముద్రం పక్క ఇసక నేలల్లో వాననీళ్ళు ఉప్పునీళ్ళకంటే తేలిక కాబట్టి పైన తేలుతూ ఉంటాయి. చేతులతో తవ్విన ఊటబావిలో తియ్యగా ఉంటాయి. అత్యాశపడి కిందికి పోతే సముద్రమే. వాళ్ళ దగ్గర ఉన్న రిపోర్టులో వేరేగా ఉందంట. వేశారు, రెండొందల అడుగులు దాటారు. నీళ్ళు ఎగజిమ్మాయి, చప్పట్లు కొట్టారు, కొబ్బరికాయ కొట్టారు. రుచి చూసిన మేనేజరు ఉమ్మేశాడు.

ఇప్పుడు తాగడానికి, వంటకి మా ఊటబావి నీళ్ళే. గోడ మీదనుంచి పైపు వేశాం. కరెంటు బిల్లు వాళ్ళది, మోటారు స్విచ్చి నాయనది. పొద్దునా సాయంత్రం ఆ స్విచ్చి దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, సోమశిల గేట్లెత్తే ఇంజినీరు మాదిరి వాచీ చూసుకుని వదులుతాడు. కోటీశ్వరుడు గోడవతల నిలబడి, "పెదనాన్నా, ఇంకో పది నిమిషాలు" అని బతిమాలతాడు. సార్ అని పిలిచే పని నాయనకి తప్పింది. పెదనాన్న అని ఆయన మొదలుపెట్టాక "అబ్బయ్యా" అంటున్నాడు.

ఆవిడ మాత్రం 'ఆంటీ' దగ్గరే ఆగిపోయి ఉండేది. రొట్టెల పండగ దాకా.

పెన్నగట్టు:
ఆగు ఆగు. రొట్టెల పండక్కి మీ అమ్మ, ఆ కోటీశ్వరురాలు కలిసి పోయారా?

అల్లూరోడు:
వాళ్ళ కారులోనే. బయట ఊళ్ళ వాళ్ళు చదువుతుంటే వాళ్ళ కోసం రెండు ముక్కలు. నెల్లూరులో స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా ఉంది, పన్నెండుమంది వీరుల సమాధులు. మొహర్రం నెలలో అక్కడ పండగ. కోరిక ఉన్నవాళ్ళు ఆ కోరిక తీరినవాళ్ళ చేతినుంచి రొట్టె తీసుకుంటారు. తీరాక మళ్ళీ వచ్చి ఇంకొకరికి ఇస్తారు. పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె, విదేశం రొట్టె, ఆరోగ్యం రొట్టె. చెరువు నీళ్ళలో నిలబడి ఏ రొట్టె ఉందో కేకలేస్తుంటారు. హిందువులు, ముస్లింలు అని లెక్కేం లేదు, లక్షల మంది వస్తారు.

అమ్మ అనుకుంది, ఈమెకి ఇదంతా కొత్త, చెయ్యి పట్టుకుని తీసుకుపోవాలి అని. దారంతా వివరించింది. ఆవిడ "ఓహో, అలాగా ఆంటీ" అంటూ విన్నది. నీళ్ళలో దిగాక జనం తోపులాట. ఎవరో వెనకనుంచి అమ్మని గట్టిగా నెట్టారు. అంతే, ఆవిడ నల్లకళ్ళద్దాలు నెత్తి మీదికి తోసి, వెనక్కి తిరిగి, "ఏందిమే, కళ్ళు కనపడలా? పెద్దామెని తోస్తా ఉండావే! ఎనక్కి పో, పోతావా లేదా!" అని చెరువంతా వినపడేట్టు అరిచింది.

అమ్మ రొట్టె సంగతి మర్చిపోయి ఆవిడ ముఖంలోకే చూస్తూ ఉండిపోయిందంట.

ఆవిడ పుట్టింది మూలాపేటలో. పెళ్ళికి ముందు వాళ్ళమ్మ ప్రతి ఏడూ ఈ చెరువుకే తీసుకొచ్చేదంట. బెంగళూరుకి పోయాక అక్కడివాళ్ళు మాటకి నవ్వుతుంటే దాచిపెట్టుకుని దాచిపెట్టుకుని, ఇక్కడికి వచ్చాక కూడా బయటికి తీయడానికి మొహమాటపడింది. తిరుగు ప్రయాణంలో కారులో ఇంగ్లీషు ముక్క లేదు. "పిన్నీ" అని మొదలైంది. రోట్లో నూరిన గోంగూరలో మెంతులు తక్కువయ్యాయని కూడా చెప్పేసిందంట. అమ్మ దానికి రెండు రోజులు అలిగింది, అది వేరే సంగతి.

కోడలుపిల్ల_కావలి:
నాకు చెప్పలేనంత సంతోషంగా ఉంది. ఆవిడ ఏ రొట్టె ఇచ్చింది?

అల్లూరోడు:
ఇల్లు రొట్టె. సొంత ఊరి పక్కన ఇల్లు కట్టుకోవాలని ఎప్పుడో తీసుకుందంట, ఇప్పుడు తీర్చుకోవడానికి వచ్చింది. నీళ్ళలో నిలబడి "ఇల్లు రొట్టె, ఇల్లు రొట్టె" అని కేకేస్తే, చుట్టూ ఇరవై చేతులు లేచాయి. వాటన్నిటినీ తోసుకుని పోయి తీసుకున్నది మా అమ్మే.

కందుకూరు_కొత్తింటోడు:
మీకు ఇల్లు ఉంది కదా?

అల్లూరోడు:
మేడ మీద గది కావాలంట. ఎంత ఎత్తు కావాలంటే, అక్కడ కుర్చీ వేసుకుని కూర్చుంటే పక్కింటి హాల్లో రోలు కనపడాలి. నాయన చాపకింద దాచిన డబ్బులు లెక్కబెడుతూ, పిచ్చి చూపులు చూస్తున్నాడు. వాళ్ళ మేనేజరు ఆర్కిటెక్టుని పంపుతానన్నాడు. నాయన, "వాడొద్దు, వాడొస్తే లిఫ్ట్ పెడతాడు" అన్నాడు. తెలిసిన మేస్త్రీలుంటే చెప్పండి, అల్లూరు, కావలి, విడవలూరు, ఎక్కడివాళ్ళైనా సరే. అంకణానికి ఎంత తీసుకుంటున్నారు ఇప్పుడు?

రిటైర్డ్_సర్వేయర్:
ఎన్ని అంకణాలు వేస్తున్నారు? గోడకి ఎంత వదులుతున్నారు? ప్లాన్ అప్రూవల్‌కి పెట్టారా? కట్టకముందు అడుగుతున్నాను, ఈసారైనా చెప్పండి.